నిలబడే కాలు

ఎడమకాలి ఎల్లేశంటే
అప్పట్ల మిర్యాలగూడ మిల్లు హమాలీలు
బస్తా దించి మరీ చూసెటోళ్లు.
ఇప్పుడు మెడల విజిల్ ఏసుకొని
అదే గ్రౌండ్ల నిలబడ్డ.
పొద్దున్నే ఊక బూడిద రాలుతది,
పిల్లల జుట్టంత నా లెక్కనే నెరుస్తది,
తానం చేస్తే వాళ్లు మళ్ల చిన్నోళ్లు.
నేను కాను.

"ఆడినోడు, ఈయనకంటే ఎవరికి తెలుస్తది?"
అన్నరు స్పోర్ట్స్ ఆఫీసోళ్లు.
దండ ఏశిన్రు. నేను గూడ నమ్మిన.
చాపను పట్టుకొని
ఈత ఎట్ల కొడుతవే అని ఎవరడిగిన్రు?
అడిగినా ఏం చెప్తది,
నోరు తెరిస్తే నీళ్లే.

మొదటి నెలంత ఒకటే మాట:
"ఇట్ల కొట్టు."
ఇట్ల అంటే ఎట్ల?
కొట్టి చూపెట్టిన. బాల్ పోయి
సాగర్ కాలువ జాలరి ఇచ్చిన పాత వలల
పైమూలకు చిక్కింది.
పిల్లలు చప్పట్లు కొట్టిన్రు.
నా దగ్గర చప్పట్లు మాత్రం బాగ నేర్చుకున్నరు.

కేతావత్ సోన,
దామరచర్ల దిక్కు తండా నుంచి హాస్టల్‌కు వచ్చిన పిల్ల,
మాటను కొలిచి ఇచ్చే పిల్ల, అడిగింది:
"సార్, కొట్టే ముందట మీరు ఏం చూస్తరు?"

ఏం చూస్త?
గోలీ మోకాళ్లా? బాలా? గాలా?
నా ఇంట్ల నన్నే ఆపి
అల్మారి తాళంచెవి ఏడుందని అడిగినట్టయింది.
"ప్రాక్టీస్ చెయ్, అదే వస్తది" అని కసిరిన.
తెలవనోని కోపం అది.
ఆమెకు ఎరుకే.

మొయిజ్ యాదికొచ్చిండు.
మా టీంల పద్నాలుగో నంబర్.
ఆరేండ్లల్ల ఆడింది మొత్తం గంటన్నర,
అందుల ఇరవై నిమిషాలు వాన.
కడమంత బెంచి మీద కూసొని
మా తప్పులు ఏరుకుంట ఉండె.
ఇప్పుడు దేవరకొండల వాని పిల్లలు
మమ్మల్ని నాలుగు సున్నా కొట్టి
పోతపోత మా క్యాన్ల నీళ్లు గూడ తాగిపోయిన్రు.

సిగ్గిడిసి ఫోన్ చేసిన.
"అరె మొయిజ్, నేను ఎట్ల కొడుతుంటిరా?"
నవ్వలే. ఆలోచించలే గూడ.
"నీ ఎడమకాలును అందరు చూశిన్రు.
నేను కుడికాలు చూస్తుంటి.
బాల్ పక్కన జానెడు దూరంల దిగేది.
దాని బొటనేలు యాడికి చూస్తే
బాల్ ఆడికే పోయేది."

ఇరవై ఏండ్లు నన్ను మోసిన కాలు.
ఒక్కనాడు గూడ దాని సంగతి అడగలే.

రాత్రి గ్రౌండ్‌కు పోయిన.
మిల్లు దీపాల వెలుగుల
అచ్చరాలు దిద్దే పోరని లెక్క
కుడికాలు పెట్టిన. తీసిన. పెట్టిన.
ఆలోచించి కొడితే బాల్ పోయి మోరిల పడ్డది.
మోకాలు కలుక్కుమన్నది.
వాచ్‌మన్ టార్చి ఏశి
"ఎవడ్రా ఆడ?" అన్నడు.
ఏమని చెప్పాలె?

తెల్లారి సోన ముందట సున్నంతో గీసిన,
ఆమె పాదమంత గీత.
"ఈడ నిలబడు. కొట్టకు. ఉత్తగ నిలబడు."
పిచ్చోని లెక్క చూసింది. నిలబడ్డది.
పదకొండో రోజు కొట్టింది.
పైమూలకు కాదు, పోస్టుకు తాకి బయటికే.
అయినా నేను కొట్టలే కదా,
ఒళ్లంత ఎందుకు గుంజిందో.

మొన్న రాత్రి మొయిజే చేసిండు.
జరసేపు పంటల ముచ్చట, షుగర్ గోలీల ముచ్చట.
ఇగ మెల్లగ:
"నా పిల్ల ఒకతి అడిగిందిరా,
గోల్ పడ్డంక లోపల ఎట్లుంటది సార్ అని.
నేను ఒక్కటి గూడ కొట్టలేనైతిని.
ఏం చెప్పాలె?"

అరుగు మీద కూసున్న. చెప్పులు ఇడిసిన.
"ముందుగాల చెవులు పోతయి మొయిజ్,
ఏం ఇనపడదు.
తర్వాత కాళ్లు..."

అటు దిక్కు వాడేం మాట్లాడలే.
పెన్ను గీరుతున్న చప్పుడు ఒక్కటే వచ్చింది.